పొలాల నాడు కదిలిన బండి

"సంపాల్నని ఉండె సాబ్. అబద్ధమెందుకు? రోజూ పండుకునే ముందు మనసుల ఒక్కసారి సంపినంకనే కన్ను మూసేటోణ్ణి. గని నేను సంపలే."

కోర్పనా ఠాణా లాకప్‌లో ఊచలు పట్టుకుని భూమన్న అన్న మొదటి మాటే ఇది. వకీలెవరైనా వింటే తల బాదుకునేవాడు. డిటెక్టివ్ రాబిన్సన్‌కి మాత్రం ఆ మాట నచ్చింది. ఇన్నేళ్ళలో తాను చూసిన నేరస్తుల్లో ఒక్కడూ 'నాకు చంపాలని ఉండె' అని ముందుగా ఒప్పుకున్న పాపాన పోలేదు.

రాబిన్సన్ బల్లార్‌పూర్ బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. నీలగంగ సిమెంట్ కంపెనీలో మూడేళ్ళ కిందటి దాకా సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేశాడు. ఆ కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు చలపతి, స్టోరు నుంచి పోయిన రాగి తీగను రాబిన్సన్ నెత్తిన రుద్ది, కార్మికులందరూ చూస్తుండగా బెల్టు విప్పించి గేటు బయటికి గెంటించాడు. ఆ రోజు నుంచి రాబిన్సన్ చంద్రపూర్ తుకుం పేటలో రెండు గదులు తీసుకుని డిటెక్టివ్ బోర్డు తగిలించాడు. తప్పిపోయిన పిల్లలనీ పారిపోయిన అల్లుళ్ళనీ వెతికి పెడుతున్నాడు. చలపతి పేరు వింటే మాత్రం ఇప్పటికీ అన్నం సహించదు.

ఆ ఉదయం భూమన్న తల్లి గంగవ్వ దొరికిన బస్సెక్కి వచ్చి ఆయన గుమ్మం ముందు కూలబడింది. "నా కొడుకును ఉరికి పంపుతుండ్రు బిడ్డా" అంది. ఎవరు పంపుతున్నారని అడిగాడు. చలపతి అని చెప్పింది. రాబిన్సన్ చెప్పులేసుకుని బయల్దేరాడు.

చచ్చినవాడు నీలగంగ కంపెనీ గ్రామాభివృద్ధి ఆఫీసరు వినాయక్. నిన్న ఎడ్లను పూజించే పొలాల పండుగ. ఎడ్ల ఊరేగింపు మొదలయ్యేటప్పుడు మంచి జతలకు బహుమతులిచ్చాడు. ఆ తర్వాత కనబడలేదు. తెల్లారి కంపెనీ పాత క్వారీ గుంటలో శవమై తేలాడు. తల వెనక భాగం పగిలి ఉంది. గుంట అంచున ఇరుసు విరిగిన ఎడ్లబండి ఒకటి నిలిచి ఉంది. ఆ బండి భూమన్నది.

"వినాయక్ మీద నీకేం పగ?" రాబిన్సన్ అడిగాడు.

భూమన్న ఊచలు వదిలేశాడు. "కంపిని మా ఊరికి అంబులెన్సు ఇచ్చింది, ఎరుకేనా? పూలదండలేసి, కొబ్బరికాయ గొట్టి, ఫొటోలు దిగి ఇచ్చిన్రు. తాళం మాత్రం వినాయక్ సాబ్ జేబుల్నే ఉండె. ఆషాఢంల పోరగాండ్లకు వాంతులు పట్టుకున్నయి. నా బిడ్డకు, నర్సక్క కొడుక్కు, ఇంకో ఇంట్ల పోరికి. ఎత్తుకోని గేటు కాడికి ఉరికినం."

"ఇయ్యలేదా?"

"బొంబాయికెల్లి పెద్దసాబ్‌లు వస్తుండ్రట. ఊరికి ఏమేం జేసిండ్రో సూపియ్యాలె గదా! అంబులెన్సును కడిగి బెలూన్లు గట్టిన్రు. వినాయక్ సాబ్ 'ఒక్క గంట ఆగున్రి, ఫొటో కాంగనే ఇస్త' అన్నడు. చలపతి సాబ్ గేటు మూసిండు. ఎడ్లబండి మీద దవాఖానకు తీస్కపోయినం. ముగ్గుర్ని తీస్కపోయినం, ముగ్గుర్నీ కప్పుకోని తెచ్చినం."

తొంభై ఒకటి ఆర్థిక సంస్కరణల తర్వాత ఈ కంపెనీలకు డబ్బుతో పాటు దానగుణం కూడా పొంగుకొచ్చింది. ఊరి బడికి నీలగంగ బోర్డు, బోరింగుకు నీలగంగ బోర్డు, ఆఖరికి ఎడ్ల కొమ్ములకు పూసే రంగు డబ్బా మీద కూడా 'నీలగంగ వారి కానుక' అన్న అచ్చు. ఊరు మొత్తం భూములిచ్చి బోర్డులు తెచ్చుకుంది. ఆ గేటు దగ్గర తాను గనక ఇంకా డ్యూటీలో ఉండి ఉంటే తెరిచేవాణ్ణా అని రాబిన్సన్ తనను తాను ప్రశ్నించుకున్నాడు. తెరిచేవాణ్ణే అనుకున్నాడు. చలపతి మీద పాత పగకు కొత్త చివుళ్ళేశాయి.

"నిన్న ఊరేగింపు అయినంక ఏడున్నవ్?"

"తాగి పండుకున్న. బిడ్డ లేని మొదటి పండుగ. బండి దొడ్లె ఉన్నదో లేదో సూడలే."

"పోలీసోళ్ళు ఏమంటుండ్రంటే, మసక చీకట్ల నువ్వు ఎడ్లను గట్టి, శవాన్ని బండి మీదేసుకోని..."

మాట పూర్తి కానేలేదు. భూమన్న మొహం ఎర్రబడింది. ఖూనీ చేశావన్నా ఇంత రోషం రాలేదు వాడికి. "పొలాల నాడు ఎడ్లను గడ్తనా సాబ్? నేను మనిషినేనా? ఏడాదంత మా కోసం మెడలు అరగదీస్కుంటయి. ఆ ఒక్కనాడు కాడి ఎత్తితే మా వంశం నిలుస్తదా?"

రాబిన్సన్ లేచి నిలబడ్డాడు. ఆయనకు కావలసింది దొరికింది.

* * *

క్వారీ అంచున ఆయన కోసమే కాచుకున్నట్టు చలపతి జీపు బానెట్‌కు ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. గుంటూరు వైపు మనిషి, పోలీసు శాఖలో పనిచేసి కంపెనీలో చేరాడు. తెల్ల చొక్కా మీద ఒక్క మరక ఉండదు. కేసు తాలూకు ఇన్‌స్పెక్టరు కంపెనీ గెస్ట్‌హౌసులో భోజనం చేస్తున్నాడట. కాపలాకు ఒక మరాఠీ హవల్దార్‌ను మాత్రం ఇక్కడ వదిలి వెళ్ళాడు. కంచే చేను మేస్తుంటే ఇంక అడిగే దిక్కెవరు?

"ఏమయ్యా రాబిన్సన్, ఇంకా బతికే ఉన్నావా? తుకుంలో కుక్కల్ని వెతుకుతున్నావని విన్నాను."

"అవును సార్. ఒక కుక్క వాసన పట్టే ఇంత దూరమొచ్చిన."

చలపతి నవ్వు మాయమైంది. "ఇది కంపెనీ స్థలం. నిన్ను ఇప్పుడే గెంటించగలను."

"ఒకసారి గెంటిస్తిరి గదా. రెండోసారికి ఈ హవల్దార్ సాబ్ సాక్ష్యం. ముద్దాయి తల్లి తరపున వచ్చిన. సూసి పోత." రాబిన్సన్ హవల్దార్‌కు నమస్కారం పెట్టాడు. ఆయన తల ఊపాడు.

రాత్రి వాన కొట్టి జాడలన్నీ కడిగేసింది. పొద్దున్నే కంపెనీ జీపులు తిరిగి మిగిలిందేమైనా ఉంటే దాన్నీ తొక్కేశాయి. ఒక చక్రం బండరాళ్ళ సందులో దిగబడి, ఇరుసు విరిగి, బండి పక్కకు ఒరిగి ఉంది. పక్కనే భూమన్న ఎడ్లు గడ్డి నములుతున్నాయి. పోలీసులు వాటిని కూడా జప్తు చేశారు. కొమ్ములకు ఎర్ర రంగు, మెడలో కొత్త గంటలు, నొసట కాగితపు పూలు. యజమాని లాకప్‌లో ఉన్నాడని వాటికేం తెలుసు?

"హవల్దార్ సాబ్, పొద్దుగాల వీటిని కాడికి కట్టి తెచ్చిన్రా?"

"నాహీ. తాళ్ళు పట్టి నడిపించుకోని తెచ్చినం. కాడి ఇక్కడనే బండికి ఉండె."

రాబిన్సన్ ఒక ఎద్దు దగ్గరికి వెళ్ళి మెడ నిమిరాడు. "చలపతి సార్, జర ఇట్ల రాండ్రి. గీ పచ్చగ ఉన్నది ఏంది?"

"పసుపు. దానికి డిటెక్టివ్ కావాలా?"

"పసుపూ నెయ్యీ. పండుగకు ముందటి నాడు పొద్దుగూకంగ ఎడ్ల మెడలు రుద్ది ఇది పూస్తరు. ఏడాదంత కాడి మోసిన పుండ్లు సల్లబడాలని. తెల్లారి పండుగ నాడు మధ్యాహ్నం కొమ్ములకు రంగేస్తరు. అవునా హవల్దార్ సాబ్?"

"బరోబర్ ఆహే," అన్నాడు హవల్దార్. ఆయనదీ రైతు కుటుంబమే.

"ఇగ సూడున్రి. కొమ్ము రంగు కారి మెడ మీద సుక్కలు పడ్డయి. పసుపు మీద పడి ఎండినయి. ఒక్క సుక్క పగల్లే, ఒక్క సుక్క రాల్లే. శవమున్న బండిని గీ ఎత్తు మీదికి గుంజినయంటే కాడి కింద పసుపు మిగుల్తదా? రంగు పెచ్చులు నిలుస్తయా? రెండో ఎద్దూ గట్లనే ఉన్నది. కాడి మీద సూద్దమంటే వేలంత పసుపు లేదు."

చలపతి వంగి చూశాడు. సిగరెట్ కింద పడేశాడు. "తర్వాత పూసి ఉంటాడు."

"తర్వాత పూస్తే పసుపు రంగు మీద ఉంటది సార్, కింద కాదు."

హవల్దార్ గట్టిగా నవ్వబోయి మీసం సవరించుకున్నాడు.

"పొలాల నాడు ఎడ్లను కట్టరని తెలిసినోడెవడూ గీ కథ అల్లడు. ఆ సంగతి తెల్వని పై ఊరోడు అల్లిండు. ఫిర్యాదు రాసిచ్చింది ఎవరు సార్? తమరే గదా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"ఎడ్లు గుంజలేదంటే బండి మోటారుతోటే వచ్చింది. నిన్న మసక చీకటి దాక ఊర్ల ఉన్న మోటారు ఒక్కటేనని ముద్దాయి తల్లి చెప్పింది." రాబిన్సన్ జీపు బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. "వెనక కొక్కెం గూడ ఉన్నది. హవల్దార్ సాబ్, నేను చెప్పింది పంచనామాల రాయున్రి. ఎడ్ల మెడల సంగతీ, జీపు సంగతీ రెండూ."

హవల్దార్ పెన్ను తీశాడు. చలపతి మెడ నరాలు ఉబ్బాయి. ఆ ఒక్క క్షణం చూడడానికే మూడేళ్ళు బతికాననిపించింది రాబిన్సన్‌కి. ఒళ్ళంతా చల్లబడింది. దాహంతో ఉన్నవాడికి కుండ నీళ్ళు దొరికినట్టయింది.

"రాయించుకో. సాయంత్రానికల్లా ఆ కాగితం ఉండదు, నీ బోర్డూ ఉండదు." చలపతి జీపెక్కాడు. "ఇవాళ చిన్న పొలాల అట. పిల్లలు చెక్క ఎడ్లు పట్టుకొస్తారు, బహుమతులివ్వాలి. వినాయక్ లేడు కాబట్టి నేను పోవాలి. ఊరంటే కంపెనీకి ఎంత ప్రేమో నీలాంటి వాడికి అర్థం కాదులే!"

జీపు దుమ్ము లేపుకుంటూ ఊరివైపు దిగిపోయింది.

రాబిన్సన్ అప్పుడే వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేది! భూమన్న మీది కేసు సగం కూలింది. శత్రువు మెడకు ఉచ్చు పడింది. కానీ ఆ ఉచ్చు ముడి ఇంకా గట్టిగా బిగించాలన్న ఆశ ఆయన్ని ఆపింది. బండిని జీపుకు కట్టి లాగితే ముందుకు పొడుచుకొచ్చిన నొగ కర్ర మీద తాడు ఒరిసిన గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఒక్కటి చూపిస్తే చలపతిని ఏ దేవుడూ కాపాడలేడు. హవల్దార్ బీడీ వెలిగించుకుని నీడకు పోగానే ఆయన బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నొగ మీద తాడు గుర్తు లేదు. పైనా కిందా తడిమి చూశాడు, ఎక్కడా లేదు.

కాడికి గుడ్డ పేలికలు చుట్టి ఉన్నాయి. ఎద్దు మెడ ఒరవకుండా అలా చుట్టడం మామూలే, అందుకే ఇందాక పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే ఎద్దు మెడ ఎన్నడూ తగలని చోట, నొగకు ఇటూ అటూ నడిమధ్యన కూడా చుట్టారు. పాత చీరల పేలికలు. ఎద్దు పక్కకు జరక్కుండా కాడికి గుచ్చే కర్రలు పీకేసి ఉన్నాయి. కాడి ఈ కొస నుంచి ఆ కొస దాకా, నలుగురు వరసగా రొమ్ము ఆనించి తొయ్యడానికి వీలుగా ఖాళీ చేశారు.

కాడి కింద బురదలో వేలు పెట్టాడు. గాజు ముక్క తగిలింది. ఆకుపచ్చ గాజు. ఇంకో చోట ఎర్రది. కొంచెం అవతల నీలం రంగుది.

రాబిన్సన్ అలాగే కూర్చుండిపోయాడు. పై ఊరివాడు ఎవడైనా అయితే జీపు కట్టేవాడు, లేదంటే నిక్షేపంగా ఎడ్లనే కట్టేవాడు. బండి మీద శవాన్ని పెట్టుకుని కూడా, ఇవాళ పొలాల, ఎద్దు మెడ మీద కాడి పెట్టరాదు అని తమ మెడలే కాడికి ఆనించేవాళ్ళు ఎవరుంటారు? ఖూనీ చేసిన చేతులతోనే పండుగ నియమం పాటించారు. భూమన్నను విడిపించే సాక్ష్యమే అసలువాళ్ళను పట్టిస్తోంది.

హవల్దార్ ఇటు చూడడం లేదు. రాబిన్సన్ గాజు ముక్కలేరి జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆయనకే తెలియలేదు.

* * *

గంగవ్వ తన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊళ్ళో మగవాళ్ళూ పిల్లలూ చెక్క ఎడ్లతో బడి దగ్గర పోగయ్యారు, డప్పు చప్పుడు వినబడుతోంది. రాబిన్సన్ మూడు గాజు ముక్కలూ ఆమె ముందు పెట్టాడు.

ఆమె వాటిని చూసింది. అవేమిటని అడగలేదు.

"నీయి గావు. నీ చేతులకు గాజుల్లెవ్వు," అన్నాడు రాబిన్సన్.

"నేను ముందట లేను బిడ్డా. ఎనుక నుంచి నూకిన."

రాబిన్సన్ గడప మీద కూర్చున్నాడు. "ఎవరెవరు?"

"మా ఇంటికెల్లి నేనూ నా కోడలు. నర్సక్క, ఆమె అత్త. ఆ మూడో పోరి తల్లి. మొగోళ్ళకు ఎరుకలేదు, డప్పుల సప్పుడుల ఎడ్లెంబడి ఉండ్రి. వినాయక్ సాబ్‌ను పోలెలు తినిపోమని నర్సక్క పిలిచింది. మురుసుకుంట వచ్చిండు. ఫొటో గూడ దిగుతనన్నడు. ముద్ద నోట్ల వెట్టుకుండు. ఎనుక నుంచి రోకలి ఏసినం." ఆమె గాజు ముక్కల్ని ఒక్కచోటికి జరిపింది. "నా మనుమరాలు నా ఒళ్ళెనే పోయింది బిడ్డా. గేటు కాడ నీళ్ళు అడిగింది. నీళ్ళు తాపితే వాంతి అయితదని నేను ఇయ్యలే. దప్పికతోని పోయింది. వాడు బెలూన్లు ఊదిపిస్తుండె."

రాబిన్సన్ కళ్ళు నులుముకున్నాడు. "మరి నీ కొడుకు ఉరికెక్కుతడని ఎరుకలేదా?"

"ఇరుసు ఇరుగుతదని ఎవ్వరు అనుకున్నరు? తెల్లారక ముందే బండి మల్ల దొడ్లెకు వస్తుండె. రాలే. అందుకే నీ తాన్కి ఉరికొచ్చిన."

"చంద్రపూర్ల ఇంక ఎవ్వరూ దొరకలేదా?"

గంగవ్వ మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. "నీకు చలపతి సాబ్ మీద పగ ఉన్నదని ఊరంత ఎరుకే. నిన్ను గేటు బయటికి గెంటిన నాడు నా కొడుకు ఆడనే కూలి పనిల ఉండె. నువ్వొస్తే ఎడ్ల మెడలు సూస్తవ్. ఎడ్లు గావంటే జీపు అంటవ్ అనుకున్న. అన్నవా?"

రాబిన్సన్ తల దించుకున్నాడు. అన్నాడు. పంచనామాలో రాయించాడు కూడా. నేలలో గుంట ఉందని తెలిసి మరీ ఎద్దును తోలినట్టు ఈ ముసలిది తనను తోలింది. తాను తలూపుకుంటూ నడిచాడు.

"అన్న. గని బండి నొగ మీద తాడు గుర్తు లేదు. రేపు ఎవడన్న నాలెక్కనే కాడి కింద సూస్తడు. నీ కొడుకు బయటికి రాడు, మీరంత లోపలికి పోతరు."

"రేపటి దాక ఎందుకు?" గంగవ్వ చీర కొంగు సర్దుకుంది. "గేటు కాడ ఇద్దరుండ్రి. తాళం ఇయ్యనోడు ఒకడు, గేటు మూసినోడు ఒకడు. ఒకని లెక్క అయిపోయింది. నా కొడుకు ఠాణాల ఉండంగనే రెండోది అయితే, మొదటిది గూడ వాడు జెయ్యలేదని కోర్టు అననే అంటది. గంత మాత్రం నాకూ తెలుస్తది."

రాబిన్సన్ ఆమె వైపు వంగాడు. "చలపతి ఏడి?"

ఆమె గోడ వైపు చూసింది. గోడ అవతల నర్సక్క ఇల్లు. "బహుమతులిచ్చిండు. పోలెలు తినిపోమన్నం. రైతు ఇంట్ల తిన్నట్టు ఫొటో గుంజిండ్రు, ఫొటో ఆయన మల్ల బడి కాడికి పోయిండు."

రాబిన్సన్ లేచాడు. ఆమె ఆపలేదు.

"పో బిడ్డా. గుమ్మం దాటి నాలుగడుగులు. నువ్వు అరిస్తే బతుకుతడు. బతికి నా కొడుకును ఉరికంబం ఎక్కిస్తడు, నీ బోర్డు పీకేస్తడు. అరవకుంటే నీ పగ గూడ తీరుతది. నేను నీ కాళ్ళు వట్టుకోను."

ఆయన ఒక కాలు గడప అవతల పెట్టాడు. అరవాలి. చలపతి ఎంత దుర్మార్గుడైనా అరవాలి. తండ్రి చిన్నప్పుడు చర్చికి వేలు పట్టుకుని తీసుకుపోయింది ఇందుకే కదా! ఊపిరి పీల్చుకున్నాడు.

గోడ అవతల నుంచి చలపతి గొంతు తేటగా వినబడింది. నోటి నిండా తింటూ మాట్లాడుతున్నాడు.

"బొబ్బట్లు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా! ఇంకొకటి వెయ్యి. అవునూ, మీ అబ్బాయి రాలేదేం ఎద్దు బొమ్మ పట్టుకుని? వచ్చుంటే వాడికీ ఒక బహుమతి ఇచ్చేవాణ్ణిగా!"

పళ్ళేనికి గిన్నె తగిలిన చప్పుడైంది. తర్వాత నర్సక్క గొంతు, అతిథికి వడ్డించే గృహిణి గొంతు, నెమ్మదిగా వినిపించింది.

"పోయిన పొలాలకు వచ్చిండు సార్. బహుమతి మీ కంపినోళ్ళే ఇచ్చిన్రు."

గడప అవతల పెట్టిన కాలు రాబిన్సన్ మళ్ళీ కదపలేదు. పీల్చుకున్న ఊపిరి గుండెల్లోనే ఉండిపోయింది.